పల్లీల బండికి దారి

మొన్న హనుమకొండ కోర్టు వరండాలో నా జూనియర్ అమ్మాయి తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. మా క్లయింటు తన జాగాలోని సందుకు గేటు పెట్టి తాళం వేశాడు. దారి కావాలని వెనకింటివాళ్లు దావా వేశారు. "మేడం, ఈ హైకోర్టు తీర్పు మనకు ఉల్టా ఉన్నది. అవతలోళ్లకు ఇంకా దొరకలే. ఊకుందామా?" అంది. చదవబోతే మొదటి పేరాలోనే పల్లీల బండి కనిపించింది. నాకు కళ్లు చెమర్చాయి. పాపం ఆ పిల్ల, కేసు పోతోందని ఏడుస్తున్నాననుకుంది.

అది మా మేనమామ వాదించిన కేసు. నేను కొత్తగా నల్లకోటు వేసుకుని ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్న రోజులవి. మట్టెవాడలో ఇంటి ముందుగదే ఆయన ఆఫీసు. గోడల నిండా ఎర్ర అట్టల తీర్పుల పుస్తకాలు, వాటి మధ్య అత్తమ్మ వేసిన కలరా ఉండల వాసన. ఇప్పటికీ బట్టల బీరువా తెరిస్తే నాకు చట్టమే గుర్తొస్తుంది. వాదన ఉన్న రోజు పుస్తకాలన్నీ ఆటో సీటు మీద దర్జాగా కూర్చునేవి, మామ డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ వెళ్లేవాడు. "ఆ బుక్కులకున్న మర్యాద నాకు లేదు" అని అత్తమ్మ మూతి తిప్పేది. కోర్టులో ఆయనకొక అలవాటు ఉండేది. వాదన మొదలుకాకముందే పుస్తకాలు తీసుకెళ్లి అవతలి వకీలు బల్ల మీద పెట్టేవాడు. తనకు వ్యతిరేకమైనవి కూడా.

ఉడకబెట్టిన పల్లీలు అమ్మే అవ్వ కేసులోనూ అదే చేశాడు. అవ్వ ఇంట్లో మరిది వాటా కొన్న షావుకారు, తన వాటాలో పడ్డ మధ్య సందుకు తలుపు బిగించాడు. బండి బయటికి రాకపోతే అవ్వకు పూట గడవదు. పాత తీర్పొకటి మాకు అడ్డంగా ఉంది. ఇంటికి వేరే దారి ఉంటే, ఎంత ఇబ్బందైనా సరే, పక్కవాడి జాగాలోంచి దారి అడగకూడదని. అవ్వ ఇంటికేమో వెనక తలుపు ఉంది. షావుకారు వకీలు ఆ తీర్పు చూడనే లేదు. మామ దాన్ని తీసుకెళ్లి ఆయన చేతిలోనే పెట్టేసరికి నాకు ఒళ్లు మండింది. వెనక బెంచీ మీద అవ్వ చేతులు జోడించుకుని కూర్చుని ఉంది మరి.

"మన గొయ్యి మనమే తవ్వుకుంటమా మామా?" అన్నాను.

"మనం దాస్తే అది లేకుంట పోతదా బిడ్డా? జడ్జి సాబు ఏమన్నడో తర్వాత. ముందుగాల ఆ ఇంట్ల ఏం జరిగిందో సదువు" అన్నాడు.

చదివాను. ఆ పాత కేసులో వెనక తలుపు వీధిలోకి తెరుచుకుంటుంది. అవ్వ వెనక తలుపు మురుగు పారే పెద్ద మోరీ మీదికి, అటు బండి దిగదు. మామ జడ్జిగారికి అదే చెప్పాడు, ఆ తీర్పు సరైనదే కానీ ఆ ఇల్లు వేరు, ఈ ఇల్లు వేరు అని. సందు తెరుచుకుంది. షావుకారు హైకోర్టుకు పోయినా అక్కడా అవ్వే గెలిచింది, ఆ తీర్పు అచ్చయి పుస్తకాలకెక్కింది. అవ్వ సంబరంగా ఇచ్చిన పల్లీల పొట్లం మామ కోటు జేబులో మరక చేసింది. అత్తమ్మ ఎంత ఉతికినా అది పోలేదు.

ఇప్పుడీ వెనకింటివాళ్లదీ మోరీ మీది తలుపే. తేడా చూపిద్దామని ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు. "ప్రింటు తీసి అవతలి వకీలుకు ఇయ్యి బిడ్డా. క్లయింటుతో నేను మాట్లాడత" అన్నాను. ఆనాడు నేను మామను చూసినట్టే చూసింది ఆ పిల్ల.

అవ్వ లేదు, మామ లేడు, ఆ సందు ఉందో లేదో కూడా తెలియదు. తీర్పులో మాత్రం ఆ బండి ఇంకా బయటికి వస్తూనే ఉంది. ఇన్నేళ్లకు, పక్కకు జరగాల్సిన వంతు నాది.