పులివెందుల బస్సులో మూతికి కట్టిన తువ్వాలు

నోట్లో బూజు పట్టినవాడు జమ్మలమడుగు పక్క పల్లె నుంచి పులివెందుల దాకా ఎందుకు పోవాలని మీరు అడగొచ్చు. మందులు ప్రొద్దుటూరులోనే దొరుకుతాయి. కానీ ప్రొద్దుటూరు బజార్లలో ఎప్పుడు చూసినా మా పల్లె సగం తిరుగుతూ ఉంటుంది. నాకు హెచ్ఐవి ఉందని అక్కడి డాక్టరు చెప్పిన రోజే, వైద్యానికి ఇంకో ఊరు పోవాలని తేల్చుకున్నాను.

అప్పటికే నాలుక మీద, అంగిట్లో పెరుగు మీగడలాగా తెల్లటి పూత. కారం మాట దేవుడెరుగు, నీళ్ళు మింగినా గొంతులో ముళ్ళు గుచ్చినట్టుండేది. సంగటి ముద్ద దిగక సగం మనిషినయ్యాను. ఇప్పుడు మందు తెచ్చుకోకపోతే బతకనని తెలుసు.

పొద్దున ఆరున్నరకు ముద్దనూరు బస్సెక్కాను. పూత ఎవరికీ కనబడకూడదని మూతికి తువ్వాలు చుట్టుకున్నాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒకటే: ఎలక్షన్లు దగ్గర పడ్డప్పుడు మా వైపు ఆ పని చేయకండి. మూతికి గుడ్డ కట్టి, చేతిలో సంచి పట్టుకున్న మగవాణ్ణి చూస్తే మా జనానికి బాంబులే గుర్తొస్తాయి. నేనెక్కగానే ముందు సీటు మొత్తం ఖాళీ అయింది.

"కూర్చో అప్పా, కాళ్ళు సాపుకో," అన్నాడు కండక్టరు, నా సంచికి దూరంగా నిలబడి.

వెనక సీట్లో ఓబులేసు ఉన్నాడు. మా ఊళ్ళో రెండు పార్టీలు. ఏ వీధిలో పుడితే ఆ పార్టీ. ఆయనది అవతలి వీధి, మా మధ్య ఏళ్ళ తరబడి మాటల్లేవు. నన్ను చూడగానే ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ముద్దనూరులో దిగి పులివెందుల బస్సెక్కాడు. నేనెక్కాల్సిందీ అదే. పులివెందులలో దిగి గబగబా నడిచాడు. ఆసుపత్రి అటే కాబట్టి నేనూ వెనకే నడిచాను. ఆయన పరుగందుకున్నాడు.

దారి అడుక్కుంటూ హెచ్ఐవి మందులిచ్చే గదికి చేరేసరికి, బెంచీ మీద ఓబులేసు! ఇక ఊరంతా చాటుతాడు, మందులూ వద్దు ఏమీ వద్దని వెనక్కి తిరిగాను.

"సంపాలనుకుంటే బయట సంపు నాయనా," అన్నాడు ఆయన చేతులు జోడించి. "ఈడ నన్ను సూసినట్టు మాత్రం ఊర్లో సెప్పాకు."

ఆయనా మందులకే వచ్చాడని అప్పుడర్థమైంది. తువ్వాలు విప్పి నాలుక చాపాను. ఆయన వంగి చూశాడు.

"ఓస్, ఇదా! పోయినేడు నాకూ ఇట్లనే ఉండె. మాత్రలు మింగితే పోతాది. కూర్చో," అని పక్కకు జరిగాడు.

"ఈ ఫంగస్ శానామంది నోట్లో ఉంటాది. ఒంట్లో శక్తి తగ్గితే పెరిగిపోతాది," అంది డాక్టరమ్మ. దానికి రెండు వారాల మాత్రలు రాసింది. హెచ్ఐవి మందులు మాత్రం బతికినన్నాళ్ళూ మానొద్దని గట్టిగా చెప్పింది.

మధ్యాహ్నం బస్టాండులో ఓబులేసు పెరుగన్నం తెచ్చి, మెత్తగా పిసికి నా ముందు పెట్టాడు. అవతలి పార్టీ చేతి తిండి మా వీధిలో ఎవరూ ముట్టరు.

"తిను అప్పా, ఇసమేం కలపలే."

మెల్లగా తిన్నాను. నొప్పిగానే ఉంది, అయినా దిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు నొప్పికని చెప్పాను.

సాయంత్రం బస్సులో ఒకే సీట్లో కూర్చుని వచ్చాం. జమ్మలమడుగు దగ్గర పడుతుండగా ఆయన గొంతు తగ్గించాడు.

"దిగినాక నిన్ను తిడతా. నువ్వూ తిట్టు, లేకుంటే మనోళ్ళకు అనుమానమొస్తాది. వచ్చే నెల ఇదే బస్సుకు రా."

బస్టాండులో మా ఊరి రెండు వీధుల వాళ్ళూ ఉన్నారు. ఓబులేసు దిగుతూనే బూతులందుకున్నాడు. మంటనోటితో నేనూ చేతనైనంత తిట్టాను. మా వాళ్ళు భేష్ అన్నారు. హెచ్ఐవి అని తెలిసినాక నేను ఒంటరిగా లేనని నాకు మొదటిసారి అనిపించింది, ఆ తిట్లు తింటున్నప్పుడే.