పప్పు ఉడికే బావి

మా మేనత్త పోయింది. సూర్యాపేట నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన మనిషి మిర్యాలగూడలో మా వాకిట్లో నిలబడి, "మీ అత్త రాత్రి పానం ఇడిసింది, జల్ది రమ్మన్నరు" అని చెప్పి, ఇంకెవరికో చెప్పాలంటూ నీళ్లన్నా తాగకుండా వెళ్లిపోయాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందుగా తోచింది ఒక్కటే, ఆ మాట చెప్పడానికి ఇక మనిషి లేదు కదా అని. చెప్పాల్సింది పెద్ద మాటేమీ కాదు. "అది నీ తప్పు కాదత్తా." అంతే. ఇన్నేళ్లుగా వస్తూ పోతూనే ఉన్నాను, లోకంలోని ముచ్చట్లన్నీ చెప్పాను. ఆ ఒక్క మాటకే నోరు రాలేదు.

ఆ మాట ఎందుకు చెప్పాల్సి వచ్చిందో తెలియాలంటే, మేము ఇల్లు కొన్న సంగతి చెప్పాలి.

రజాకార్ల రోజుల్లో తుంగతుర్తి దగ్గరి మా ఊరు విడిచి, కోదాడలో అమ్మ తరఫు చుట్టాల ఇంట్లో తలదాచుకున్నాం. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు నాన్నకు సూర్యాపేటలో, నూనె దుకాణంలో గుమాస్తా పని దొరికింది. ఊళ్లో పొలం అమ్మేసి ఇల్లు కొందామన్నాడు. ఇల్లు చూసే పని అత్తకు అప్పజెప్పాడు. అత్త నాన్నకు అక్క. చిన్నవయసులోనే మొగుడు పోతే మా ఇంటికే వచ్చేసింది. తన తమ్ముడికి గోడలు, తలుపులు తప్ప ఇంకేమీ కనబడవని ఆమె అనేది. అది నిజం కూడా.

ఎనిమిదేళ్ల నన్ను వెంటేసుకుని అత్త ఇల్లు చూస్తుంటే పిల్లకు సంబంధం చూస్తున్నట్టు ఉండేది. వాకిట్లో చెంబెడు నీళ్లు పోసి అవి ఎటు పారతాయో చూసేది. గాలి వచ్చే దిక్కున తోళ్లు ఎండబెట్టే చోటేమైనా ఉందా అని ఆరా తీసేది. పొరుగింటికి పోయి పిడక మీద ఇంత నిప్పు అడిగేది. ఆ ఇచ్చే తీరులో పొరుగు సంగతి తెలిసిపోతుందట. పొద్దున చూసి వచ్చిన ఇంటికే సాయంత్రం దోమల వేళ మళ్లీ పోయి కూర్చునేది. ఇదంతా అయ్యాక అసలు పరీక్ష. కొంగున కట్టుకున్న కందిపప్పు విప్పి, ఆ ఇంటి బావి నీళ్లతో చిన్న మట్టిగురిగిలో వేసి, మూడు రాళ్లు పెట్టి ఉడికించేది.

"గోడ కూలితె మనం కట్టుకుంటం బిడ్డా. నీళ్లను ఎవలు కడ్తరు?" అనేది.

చివరికి రెండిళ్లు మిగిలాయి. మొదటిది బజారుకు దగ్గర. ఆ ఇంటివాళ్లు సగం భాగం అమ్మజూపారు. అక్కడ పప్పు ఎంతసేపు మరిగినా పలుకు పలుకుగానే ఉంది. అత్త రెండు గింజలు వేళ్ల మధ్య నలిపి చూసి, గురిగి దించేసింది. "మా బాయికేమైంది వదినే, మేం తాగుతలేమా?" అని ఆ ఇంటామె చిన్నబుచ్చుకుంది.

రెండోది ఊరి చివరన. అక్కడ పప్పు చూస్తుండగానే మెత్తగా కలిసిపోయింది. ఎదురింటి అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అత్త పలకరిస్తే ఆయన మెడ తిప్పలేదు, మనిషి మనిషంతా తిరిగి చూశాడు.

"ఈ బాయి నీళ్లు ఎట్లుంటయి పెద్దయ్యా?"

"ఎట్లుంటయంటవా? పప్పు ఎన్నపూస లెక్క అయితది తల్లీ. ఇసొంటి నీళ్లు పేటల ఇంకోకాడ దొరకయి."

అత్త ముఖం వెలిగిపోయింది. ఆయన నడుము వంగిపోవడం, మెడ తిరగకపోవడం అందరం చూశాం. ముసలితనం అనుకున్నాం. నేనైతే ఆ సాయంత్రం మెడ బిగబట్టి, ఒళ్లంతా తిప్పి చూస్తూ, ఆయనలా నడిచి చూపించి ఇంట్లో అందరినీ నవ్వించాను. అమ్మ చంకలోని తమ్ముడు కూడా కేరింతలు కొట్టాడు.

ఆ ఇల్లే కొన్నాం. కొన్నాళ్లు మా ఇంటి పప్పు వాడకట్టులో అందరి నోళ్లలో నానింది. చుట్టాలొస్తే నాన్న, "మా అక్క ఏరిన బాయి" అని చూపించేవాడు. తమ్ముడికి పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చాక వాటి మీద గోధుమరంగు మరకలు కనబడ్డాయి. బొగ్గుతో తోమించాం, ఉప్పుతో తోమించాం. తర్వాత వాడి మోకాళ్లు ఒకదానికొకటి తగలడం మొదలైంది. దవాఖానలో డాక్టరు వాడి కాళ్లు చూడక ముందే నోరు తెరిపించి చూసి, "ఏ బాయి నీళ్లు తాగుతరు?" అని అడిగాడు. ఆ బావి నీళ్లు పిల్లలకు పోయొద్దన్నాడు. ఫ్లోరైడ్ అన్న మాట మేము విన్నది చాలా కాలం తర్వాత. అట్లాంటి నీళ్లలో పప్పు మెత్తగా ఉడకడం మామూలేనని తెలిసింది ఇంకా తర్వాత. పొలం అమ్మి కొన్న ఇల్లు. బావి సంగతి తెలిశాక దాన్ని కొనేదెవరు?

ఆ రోజు ఇంటికి వచ్చాక అమ్మ తమ్ముణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, "ఇల్లు సూసింది మా వదినె గదా" అంది. మళ్లీ ఎన్నడూ అనలేదు. అననక్కర లేకపోయింది.

మర్నాడు అత్త బిందె చంకనేసుకుని వెళ్లింది. ఎక్కడికి? తాను వద్దన్న ఆ మొదటి ఇంటి బావికి. అప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఆ ఇంటామె నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏం వదినే, మా నీళ్లల్ల పప్పు ఉడుకదంటివి గదా?" అని అడిగింది. అత్త తల దించలేదు. "ఇప్పటికీ ఉడుకది. నిజమే. కానీ పిల్లలకు పప్పు లేకున్న గడుస్తది, కాళ్లు గావాలె" అంది. ఆ ఇంటామె తనే చేద వేసి తోడి పోసింది.

అప్పటినుంచి మా ఇంట్లో మూత ఉన్న బిందె ఒకటి, మూత లేనిది ఒకటి. మూత బిందెలోవి పిల్లలకు, అమ్మానాన్నలకు. అత్త మాత్రం మా బావి నీళ్లే తాగేది. "నాకు గా నీళ్లు పడయి, కడుపు ఉబ్బుతది" అనేది. మేము నమ్మాం. నమ్మితే మాకు హాయిగా ఉండేది, అందుకే నమ్మాం. ఇంకో బిందె తెచ్చేది ఎవరు మరి? కాళ్లు చక్కగా ఉన్న నేను ఉన్నాను. నాకు ఆ ఆలోచనే రాలేదు. "నువ్వు గూడ ఇవే తాగత్తా" అని గ్లాసు పట్టుకుని వంకర కాళ్లతో ఆమె వెంట తిరిగినవాడు తమ్ముడు. వాడు ఆమెను ఒక్క మాట అనలేదు.

నేను అన్నాను. మంచి నీళ్లతో వండిన పప్పు పంటికింద కరకరలాడుతుంటే, పద్నాలుగేళ్ల పొగరులో కంచం తోసేసి, "మంచి బాయే ఏరినవ్ అత్తా" అన్నాను. ఆమె కంచం తీసి, గింజలను గరిటెతో మెదిపి, చారు పోసి మళ్లీ నా ముందు పెట్టింది.

నాకు పెళ్లయి మిర్యాలగూడ వచ్చాను. అమ్మానాన్న పోయారు. తమ్ముడికి పిల్లలు పుట్టారు. అత్త వాళ్లకూ నీళ్లు మోసింది. నడుము వంగేకొద్దీ బిందె చిన్నదవుతూ వచ్చింది కానీ, మరదలిని నీళ్లకు ఆ ఇంటికి పోనివ్వలేదు. కిందటి ఎండాకాలం నేను వెళ్లేసరికి వాకిట్లో కూర్చుని ఉంది. "అత్తా" అని పిలిస్తే మెడ తిప్పలేదు. మనిషి మనిషంతా తిరిగి నన్ను చూసింది.

చిన్నప్పుడు నేను ఆడి నవ్వించిన ఆట అదే. పక్కన కూర్చుని, "ఇన్నేండ్ల సంది ఈ నీళ్లెందుకు తాగినవత్తా?" అని అడిగాను.

"ఏరింది నేను గద బిడ్డా. మీతోని తాగిచ్చిన. నేనొక్కదాన్ని ఎట్ల తప్పిచ్చుకుంట?"

అప్పుడు అనాల్సింది. ఊరంతా పప్పు చూసే నీళ్లు ఏరుకునేదని, ఎవరికి మాత్రం ఏం తెలుసని, నీ తప్పు కాదని అనాల్సింది. ఆమె నా ముఖంలోకి చూస్తూనే ఉంది. ఆ మాట కోసమే చూస్తోందని నాకు తెలుసు. గొంతు దాకా వచ్చింది. అది అంటే కంచం తోసిన సంగతి, గ్లాసు పట్టుకుని తిరగని సంగతి కూడా ఒప్పుకోవాలి. "బస్సుకు టైమైతుందత్తా, మళ్లొచ్చినప్పుడు మాట్లాడుకుందాం" అని లేచాను.

ఆమె పోయిందన్న కబురు విని మొన్న మళ్లీ వెళ్లాను. బస్సు దిగి ఎండలో నడిచేసరికి నోరు ఎండిపోయింది. గడపలోనే మరదలు గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. గటగటా తాగేశాను. లోపల అత్తను పడుకోబెట్టారు. ఆడవాళ్లు ఆమె మోకాళ్లు చాపబోయారు, అవి సాగలేదు. చివరికి కింద మడత పెట్టిన చీర ఉంచారు.

"ఇప్పుడిచ్చిన నీళ్లు ఎక్కడివి?" అని అడిగాను మరదలిని.

"అత్తమ్మ నిన్న పొద్దుగాల తెచ్చినయే వదినె. రేపటికి గూడ సరిపోతయని మూత పెట్టింది."

వంటింట్లోకి వెళ్లాను. బిందె మీద మూత పక్కకు జరిగి ఉంది. నేను తాగినంత మేర నీళ్లు దిగాయి, ఇంకా సన్నగా కదులుతున్నాయి. ఇవైనా ఆమె ఒంటి మీద పోద్దామని బిందెను రెండు చేతులా ఎత్తబోయాను. అప్పటికే పెరట్లో, ఆమెకు స్నానం చేయించడానికి, ఎవరో మా బావిలో చేద వేసిన చప్పుడు వినిపించింది.