పండ్ల బిస్కెట్లు

మా అత్తమ్మ ఆదిలక్ష్మికి పండు పారేయడం చేతకాదు. పటాన్‌చెరు మార్కెట్ దగ్గర మామయ్యకు పండ్ల దుకాణం ఉంది. అమ్ముడుపోక మిగిలిన అరటిపండ్లు, తొక్క నల్లబడి లోపల మెత్తబడినవి, సాయంత్రం సంచిలో ఇంటికొస్తాయి. తినీ తినీ మేం విసిగిపోతే ఎదురింటి బర్రెకు పెట్టేవాళ్లం. బర్రె కూడా మొహం తిప్పుకున్న రోజులున్నాయి.

అత్తమ్మ చదివింది ఏడో తరగతి. యాభై ఎనిమిదేళ్లకు ఫోన్‌లో వంటలు చూడడం నేర్చుకుంది. ఒక ఆదివారం నన్ను పిలిచింది.

"సృజనా, గీ పండ్లతోని బిస్కెట్లు అయితయట. నీకు తూకాలు తెలుసు గద, జెర పక్కన నిలబడు."

నేను గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పని చేస్తాను. తూకమే నాకు అన్నం పెడుతుంది. అయినా అత్తమ్మ నా మాట వినలేదు. పండ్లు పిసికి, గోధుమపిండి, బెల్లం, నెయ్యి, యాలకుల పొడి చేతికొచ్చినంత వేసి కలిపింది. పాత కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, చిన్న పళ్లెంలో బిళ్లలు పరిచి మూత పెట్టింది.

ఇల్లంతా కమ్మటి వాసన. బిళ్లలు ఎర్రగా కాలాయి. మామయ్య ఒకటి తీసుకుని విరవబోయాడు. అది విరగలేదు, వంగింది.

"ఏందే ఇది? బిస్కెటంటే కర్రుమనాలె. ఇది అటు రొట్టె గాదు, ఇటు బిస్కెట్ గాదు."

అత్తమ్మ పంతం పట్టింది. మరుసటి ఆదివారం పిండి ఎక్కువ వేస్తే రాళ్లయ్యాయి. ఆ పై వారం ఎక్కువసేపు ఉంచితే అడుగు మాడింది. నాలుగోసారి మళ్లీ మెత్తగానే వచ్చాయి. పళ్లెం వంటగట్టు మీద పెట్టి పెరట్లోకి వెళ్లింది.

గోడకు అవతల బుల్లెమ్మగారు నిలబడి ఉన్నారు. వాళ్లాయన ఎప్పుడో భీమవరం వైపు నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. పదకొండేళ్ల కింద ఆవిడ మా పచ్చిపులుసు రుచి చూసి, "ఉత్త నీళ్లలా ఉందేంటండీ" అన్నారు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మంచినీళ్ల కుళాయి మాటలు తప్ప వేరే మాటల్లేవు.

ఆ రోజు ఆవిడే నోరు విప్పారు. మాట ముద్దముద్దగా ఉంది. "ఏం చేస్తున్నావమ్మా? వాసనకే ప్రాణం లేచొస్తోంది. పళ్లన్నీ పీకేశారు. కట్టుడు పళ్లకి ఇంకా రెండు నెలలట. గంజి తాగి తాగి నోరు చచ్చిపోయింది."

అత్తమ్మ లోపలికొచ్చి పళ్లెం తీసుకెళ్లింది. "అక్కా, గట్టిగ రాలే. మంచిగ లేకుంటే పారేయుండ్రి."

బుల్లెమ్మగారు ఒకటి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. చిగుళ్లతో మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తిన్నారు. రెండోది తీసుకున్నారు. నాలుగోది తిన్నాక కొంగుతో మూతి తుడుచుకుని, "నెల్లాళ్లకి ఇవాళ తిండి తిన్నట్టుందే, ఆదిలక్ష్మీ" అన్నారు.

అత్తమ్మ వెలిగిపోతూ ఇంట్లోకి వచ్చింది. "పండ్లు లేనోళ్లకు పండ్ల బిస్కెట్లు! పచ్చిపులుసు మాట ఇగ ఇడిసిపెట్టిన" అంది. మామయ్య పొలమారేలా నవ్వాడు.

ఆనాటినుంచి ప్రతి ఆదివారం బుల్లెమ్మగారు మా వంటింట్లోనే. కట్టుడు పళ్లు వచ్చాక కూడా రావడం మానలేదు. మొన్న అత్తమ్మకు జ్వరమొస్తే ఆవిడే చీర కుచ్చిళ్లు దోపుకుని కుక్కర్ ఎక్కించారు. మంచం మీదినుంచి అత్తమ్మ ఊరుకోదు కదా.

"అక్కా, బెల్లం జెర తక్కువెయ్యి."

"నువ్వు పడుకోవే. మా వైపు తీపంటే తీపిలా ఉండాలి."

"మీ దిక్కు సంగతి నాకెందుకు? తినేది ఈడ!"

ఇద్దరూ అలా వాదించుకుంటూనే ఉన్నారు. నేను అడుగు మాడకుండా మంట తగ్గించాను.