సంతకం చోట సాసు మరక

పొద్దున ఇక్కడ గల్ఫ్‌లో, మేముండే మెసైమీర్‌లో మా ఫ్లాటు కింద స్కూలు బస్సు హారన్ కొడుతుంటే, ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంది. ఎదిగే వయసులో ఒంట్లో వచ్చే మార్పులు, ఎవరితో ఎలా మెలగాలి అన్నవి బడిలో పాఠంగా చెబుతారట. అందుకు ప్రభుత్వమే నర్సును పంపుతోందట. వాళ్ళమ్మ అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. కంగారు పుడితే వెటకారం చేయడం నా జబ్బు. టమాటా సాసులో బొటనవేలు ముంచి, సంతకం చోట ముద్ర వేశాను.

అది నవ్వలేదు. "ఆటలాడకు నాన్నా. ఎవరైనా తప్పుగా ముట్టుకుంటే ఎవరికి చెప్పాలో కూడా నేర్పుతారంట."

"దానికి నర్సెందుకే? నాకు చెప్పు, వాడి తాట తీస్తా."

"నీకా? మొన్న నేను ఏడుస్తుంటే టిఫిన్ డబ్బాలో రబ్బరు బల్లి పెట్టావుగా!"

మరక పక్కన సంతకం పెట్టాను. "ఎవరైనా ఏమైనా అన్నారా అమ్మా?" అంటే, "లేదులే" అని బస్సెక్కేసింది.

ఆ "లేదులే" రోజంతా గోడౌన్లో నన్ను పని చేసుకోనివ్వలేదు. సాయంత్రం మళ్ళీ అడిగాను.

"నిజంగా ఏం లేదు నాన్నా. ఉంటే నర్సుకి చెప్తాగా" అంది.

ఊపిరి పీల్చుకున్నాను గానీ, సగమే. మీ పిల్లలు మీకు చెప్పుకుంటారా? ఎలా అలవాటు చేశారో కింద కామెంట్లలో రాయండి. నవ్వు బొమ్మలు మాత్రం పెట్టకండి, ఇవాళ నాకు పడవు.