హద్దురాయి కింది బొగ్గులు

మొన్న శంషాబాద్‌ల చాయ్ తాగుతుంటే, పక్కాయన సెల్‌ఫోను పట్టుకుని ఎదురుంగ ఉన్న ఖాళీ ప్లాటు చుట్టూ ఓ చుట్టు తిరిగొచ్చి, గజాల లెక్క తేలిందని సంబరపడ్డడు. నాకు నవ్వొచ్చింది గాని, ఎంబడే మనసుల కలుక్కుమన్నది. నా వయసోళ్లకు ఎరుకే, ఒకప్పుడు మన దిక్కు భూమి కొలవాలంటే చేతిల గొలుసు, లోపల గుండెధైర్యం రెండూ ఉండాలె. నా దగ్గర గొలుసు మాత్రమే ఉండె.

విమానాలు దిగుడు షురువైన కొత్తల నేను సర్కారు సర్వేయరును. జొన్నలు గూడ సరిగ్గ పండని చెల్క భూముల ధరలకు అప్పుడే రెక్కలొచ్చె. మొగుడు పోయిన ఒకామె తన వాటా కొలిచియ్యమని అర్జీ పెట్టుకుంటే వాళ్ల ఊరికి పోయిన. గొలుసు గుంజి చూస్తే హద్దురాయి ఆమె చెల్క లోపలికి ఇరవై అడుగులు జరిగి ఉన్నది. జరిపింది ఆమె బావ, మొగుని అన్న. ఆ ముచ్చట నేను నోరు తెరిచి చెప్పకముందే ఆయన మనుషులు గొలుసు పట్టే మా మనిషి తల పగలగొట్టిన్రు, నన్ను బాయికాడి మోటరు రూముల తోసి గొళ్లెం పెట్టిన్రు. రాయి సరైన జాగలనే ఉన్నదని రాసిస్తేనే తలుపు తీస్తమన్నరు.

రేకుల కింద పొద్దంతా ఉడికిపోయిన. ఎటు కూసున్నా కిటికీల నుంచి ఆ రాయే కనబడుతుండె. పగటీలి ఆమె చెంబుతోని నీళ్లు తెచ్చి కిటికీల నుంచి అందిచ్చి, మెల్లగ అన్నది. "సారూ, రాయినైతే జరిపిన్రు గాని బొగ్గులు పాత జాగలనే ఉన్నయి. మా మామ పోసినప్పుడు నేను చూసిన. బయటికొచ్చినంక జర తవ్వి చూడున్రి."

వెనుకట హద్దురాయి పాతేటప్పుడు కింద బొగ్గులు పోసేటోళ్లు, ఎన్నేండ్లయినా అవి మన్నుల కలవవని. రాయి జరిపేటోళ్లు ఎప్పుడూ వాటిని మరిచిపోతరు. నాకు తెల్వని సంగతేం కాదు. నాలుగు గడ్డపార పోట్లు పొడిస్తే ఆమె భూమి ఆమెకు దక్కుతుండె.

పొద్దు గుంకకముందే సంతకం పెట్టిన. భయపడ్డ, అంతే, దానికి ఇంకో పేరు లేదు. మా మనిషిని దవాఖానకు తోలుకపోతుంటే ఆమె బాటల నిలబడి చూసింది. తెల్లారి ఆఫీసుకు పోయి నిజం రాయొచ్చు, అదీ రాయలే. పిల్లలు గలోణ్ణని నాకు నేనే సర్దిచెప్పుకున్న.

ఇప్పుడు ఆ చెల్కల గోదాము లేచింది, బాయి పూడిపోయింది, మోటరు రూము ఆనవాలే లేదు, అయినా ఆ తొవ్వల పోయినప్పుడల్లా గొళ్లెం పడ్డ చప్పుడు నాకు ఇనబడుతది. బొగ్గులు ఆ గచ్చు కింద ఎక్కడున్నయో ఇప్పటికీ అడుగు తప్పకుండ చూపెట్టగలను. తవ్వమన్న ఆమె ఎక్కడున్నదో మాత్రం తెల్వదు.