మూడో మలుపుకు ఏ డిఫరెన్షియల్

పెనుకొండ దాటి కొంత దూరం పోతే, పని ఆగిపోయిన రాళ్ల క్వారీ ఒకటి ఉండేది. దానికి ఎక్కే మట్టిదారి మీద బెంగళూరు కార్ల క్లబ్బువాళ్లు ఏడాదికోసారి పోటీ పెట్టేవాళ్లు. ఒక కారు పైకి చేరాకే ఇంకొకటి బయలుదేరాలి. అందరికంటే తక్కువ సమయంలో ఎక్కినవాడిది గెలుపు. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా తమ్ముడు మొదటిసారి ఆ పోటీకి దిగాడు. మూడో మలుపులో ఆగిపోయాడు.

ఆ మలుపు కుడిచేతివైపు బాగా మెలిక తిరిగి ఉంటుంది. లోపలి అంచున వాననీళ్లు కోసిన గాడి. కారు ఒరిగి తిరిగేటప్పుడు లోపలి ముందు చక్రం ఆ గాడి మీద గాలిలో వేలాడింది. ఇంజను అరిచింది, చక్రం గిర్రున తిరిగింది, కారు మాత్రం జరగలేదు. చివరికి క్లబ్బువాళ్లు బాడుగకు పిలిపించుకున్న ట్రాక్టరు వచ్చి గొలుసు వేసి లాగింది. ఆ ట్రాక్టరు మా మేనమామదే. గోరంట్ల నుంచి తోలుకొచ్చాడు.

"ఏమబ్బా, విమానం మాదిరి అరుస్తాండాదే నీ కారు! ఎగిరిపోతుందేమో, గొలుసు గట్టిగా కట్టండప్పా!" అని అంతమందిలో అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు.

నవ్వినవాళ్లలో సగం మంది హిందూపురం నుంచి తమ్ముడి పందెం చూడటానికి వచ్చినవాళ్లు. కారు ముందు అద్దం మీద వాడి మెకానిక్ షెడ్డు పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. సొంత కారునే గుట్ట ఎక్కించలేనివాడు మన కారేం బాగు చేస్తాడన్న మాట ఊళ్లోకి మాకంటే ముందే చేరింది. షెడ్డుకు వచ్చే కార్లు తగ్గిపోయాయి. మరుసటి ఏడు పోటీ దగ్గరపడింది. "ఈ యేడు గూడా ఆ మలుపు దాటకపోతే షెడ్డు మూసేసి బెంగళూరులో ఏదన్నా షోరూములో పనికి పోతానక్కా" అన్నాడు తమ్ముడు. వాడు ఊరికే అనే రకం కాదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టాను. పదో తరగతితో నా చదువు ఆపేశారు. కండెలు చుట్టే పని అయ్యాక సాయంత్రాలు గ్రంథాలయానికి పోయేదాన్ని. తెలుగు పుస్తకాలన్నీ అయిపోయాక ఇంగ్లీషు బీరువా తెరిపించి, నిఘంటువు పక్కన పెట్టుకొని మొదలుపెట్టాను. అందులో మోటారు వాహనాల గురించి ఇటుకంత లావు పుస్తకం ఒకటి ఉండేది. గేరుపెట్టెలను నిలువునా కోసి చూపించే బొమ్మలున్నాయి దాన్లో. కథల పుస్తకాలకంటే అదే నాకు ఎక్కువ నచ్చింది. వానాకాలమంతా దాన్నే చదివాను.

ఒకరోజు మా నాయన అడిగాడు. "ఏమ్మా, మనింట్లో ఉండేది ఒక సైకిలు. ఈ మోటారు బొమ్మలతో నీకేం పని?"

"సైకిలు చక్రాలు ఒకదాని ఎనక ఒకటి ఉంటాయి నాయనా, అందుకే దానికి డిఫరెన్షియల్ అక్కర్లేదు" అన్నాను.

"ఉంటే మాత్రం యాడ తెచ్చి వేసేది!" అని ఆయన మగ్గం గుంతలోకి దిగాడు.

పెళ్లై హిందూపురం వచ్చాక అక్కడి గ్రంథాలయంలో కార్ల పత్రికలు దొరికాయి. పాతవి, కొత్తవి, అట్టలు చిరిగినవి, ఏవీ వదల్లేదు. తమ్ముడు బెంగళూరులో పని నేర్చుకొని వచ్చి మా ఊళ్లోనే షెడ్డు పెట్టాక, నేను చదివినదానికి చేతితో తాకి చూసే వస్తువులు దొరికాయి.

కాడెద్దులు సాలు చివర మళ్లేటప్పుడు బయటి ఎద్దు గబగబా నడుస్తుంది, లోపలిది దాదాపు నిలబడుతుంది. కారు మలుపు తిరిగినా అంతే. రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగాలి. ఆ వీలు కల్పించేదే డిఫరెన్షియల్. దానికి ఒక బలహీనత ఉంది. ఒక చక్రానికి పట్టు తప్పితే రెండో చక్రానికి కూడా బలం అందదు. తేలిగ్గా తిరిగేది ఊరికే తిరుగుతూ ఉంటుంది, నేల మీద ఉన్నది కదలదు.

తమ్ముడి కారు ముందు చక్రాలతో లాగేది, మంచి ఉడుకురక్తపు ఇంజను. దాన్లో ఈ బలహీనతకు మందుగా ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది. ఏ చక్రం వృథాగా తిరుగుతోందో కనిపెట్టి, దానికొక్కదానికే బ్రేకు వేస్తుంది. అప్పుడు బలం రెండోదానికి పోతుంది. తారురోడ్డు మీద, వానలో, చక్కగా పనిచేస్తుంది. కానీ గుట్ట దారిలో అది మొదటి మలుపు నుంచే బ్రేకు వేస్తూ పోయింది. మూడో మలుపుకు వచ్చేసరికి బ్రేకులు కాగిపోయాయి. అవి పాడవకుండా ఆ ఏర్పాటు తనంతట తానే పని ఆపేసుకుంది. చక్రం గాలిలో తిరిగింది అందుకే.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మనిషి ఒకాయన, కంప్యూటరులో లెక్కలు మార్చి బ్రేకు ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా పడేటట్టు చేస్తానన్నాడు. ఇంకోవైపు, అదే ఊళ్లో పందేలు మానేసిన ఒకాయన దగ్గర గేర్లతో పనిచేసే మెకానికల్ డిఫరెన్షియల్ అమ్మకానికి ఉంది. ఉన్న డబ్బుతో ఏదో ఒకటే చేయించుకోగలం. నేను మెకానికల్ దాని వైపు నిలబడ్డాను.

మామ ఒప్పుకోలేదు. "మెకానికల్ అంటే మా ట్రాక్టరు లాకే గదమ్మా! బురదలో దిగబడితే లాక్ తొక్కుతాం, బయటపడతాం. అది ఇడవకుండా మలుపు తిప్పితే బండి నేరుగా పోయి చేని చుట్టూ ఉండే గెనెం ఎక్కుతుంది. ఆ గుట్ట మీద గెనెం గూడా లేదు, కింద లోయ ఉండాది!"

"అది రెండు చక్రాలనూ పూర్తిగా ఒకటిగా బిగించేది మామా. ఇది అట్ల కాదు. మలుపులో చక్రాలను తిరగనిస్తానే, పట్టు ఉండేదానికి ఎక్కువ బలం పంపిస్తుంది."

"పుస్తకంలో ఉండాదా?"

"ఉండాది."

"దాన్లోనే వంకాయకూర ఎట్ల చేయాలో గూడా చూడు. మొన్న నీ ఇంట్లో తిన్నా."

తమ్ముడు నవ్వలేదు. వాడు అడిగింది అసలైన ప్రశ్న. "అక్కా, గేర్లది ఉన్న పట్టును నాలుగింతలో ఐదింతలో చేస్తుందని నువ్వే చెప్తివి. ఆడ చక్రం గాల్లో ఉంటుంది. పట్టు సున్నా. సున్నాను ఎంతతో హెచ్చవేస్తే మాత్రం ఏమొస్తుంది?"

ఆ ప్రశ్న కోసమే నేను కాచుకొని ఉన్నాను. "అందుకే ఆ ఒక్క చోట నువ్వు ఎడమకాలితో బ్రేకును కొంచెం తాకాల. కుడికాలు యాక్సిలరేటరు మీదనే ఉండాల. బ్రేకు తగిలితే గాల్లో చక్రం గూడా ఊరికే తిరగలేదు, సున్నా పోతుంది. రెండోదానికి బలం పోతుంది. కంప్యూటరు చక్రం జారినాక బ్రేకు వేస్తుంది, నువ్వు జారకముందే వేస్తావు. మిగతా దారంతా బ్రేకులు చల్లగా ఉంటాయి."

తమ్ముడు షెడ్డులో దాచిన డబ్బు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఆ మెకానికల్ దాని కోసం బెంగళూరు బస్సెక్కాడు.

గేరుపెట్టె దించి, తెచ్చిన డిఫరెన్షియల్‌ను అందులో బిగించి, ఊరి బయట ఖాళీ మైదానానికి పోయాం. నేను తమ్ముడి పక్కన కూర్చున్నాను. మామ వెనక సీట్లో కూర్చున్నాడు, కారు మలుపు తిరగకపోతే చూసి నవ్వడానికి. తమ్ముడు గుండ్రంగా తిప్పాడు, ఎనిమిది అంకె వేశాడు. కారు ఎక్కడా మొండికేయలేదు. "తిరుగుతాండాదే!" అన్నాడు మామ, కొంచెం నిరాశగా. అప్పుడే తమ్ముడు ఎడమకాలితో బ్రేకు తాకాడు. ఆ కాలికి అలవాటైంది క్లచ్చును అడుగంటా తొక్కడం. కారు దబ్బున ఆగింది. మామ వచ్చి మా ఇద్దరి మధ్య ఇరుక్కున్నాడు.

"సంపినావు గదరా! తాకమంటే తంతావా?"

"ఎడమకాలికి చదువు రాలేదు మామా, నేర్పిస్తాండా" అన్నాడు తమ్ముడు.

నేర్పించాడు. రోజూ పొద్దున్నే పోయి, పాదం కింద కోడిగుడ్డు ఉన్నట్టు తాకేదాకా నేర్పించాడు. మామ మాత్రం మళ్లీ కారెక్కలేదు.

పోటీ రోజున నేను మూడో మలుపుకు ఎదురుగా ఉన్న బండ మీద నిలబడ్డాను. మామ ట్రాక్టరు మలుపు పక్కనే సిద్ధంగా ఉంది. ఆయన చేతిలో గొలుసు చూసి నాకు ఒళ్లు మండింది. అంతకుముందు వచ్చిన రెండు కార్లకు ఆ గొలుసు పడింది. మూడోది ఎలాగో పాక్కుంటూ పోయింది. తర్వాత కింద నుంచి తమ్ముడి కారు చప్పుడు వినిపించింది. మొదటి మలుపు, రెండో మలుపు, ఎక్కడా శబ్దం తెగలేదు.

మూడో మలుపులోకి వచ్చింది. కుడి ముందు చక్రం గాడి మీదికి వచ్చి పైకి లేచింది. దాని కింద వెలుతురు నాకు స్పష్టంగా కనిపించింది. ఒక్క క్షణం చక్రం వేగం అందుకోబోయింది. వెనక ఎర్ర దీపాలు వెలిగాయి. చక్రం తగ్గింది. ఎడమ చక్రం మట్టిని పట్టుకొని, రాళ్లు ఎగజిమ్మి, కారును మలుపులోంచి లాగి పారేసింది! ఎర్ర దీపాలు ఆరిపోయాయి. కారు పైకి పోయింది. దుమ్ములోంచి మామ అరుపు వినిపించింది. "పోయినాడప్పా! మా వాడే, మా అక్క కొడుకే!" గొలుసు కింద పడేసి చప్పట్లు కొడుతున్నాడు. నేను ఆ బండ మీద ఎగిరి గంతులేశాను. ఇద్దరు బిడ్డల తల్లినని గుర్తే లేదు.

నాలుగు చక్రాలూ లాగే బండి ఒకటి మొదటి స్థానం తీసుకుంది. రెండోది తమ్ముడిది. ముందు చక్రాలతో లాగే కార్లలో వాడి దరిదాపుల్లో కూడా ఎవరూ లేరు.

క్లబ్బు పెద్దమనిషి వచ్చి, లోపల ఏం వేశామో తమ్ముడిని అడిగి తెలుసుకొని, "యారప్పా ఇదన్న సెలెక్ట్ మాడిద్దు?" అని, దాన్ని ఎంచింది ఎవరని కన్నడంలో అడిగాడు. తమ్ముడు నన్ను చూపించాడు. ఆయన నా చీరనూ నన్నూ చూసి, "ఏం చదివినారమ్మా?" అన్నాడు. "గ్రంథాలయంలో ఉన్నవన్నీ" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో ఇప్పటికీ తలుచుకుంటాను.

తర్వాతి వారమే ఆయన తన కారు తోలుకొని హిందూపురం వచ్చాడు. తనకూ అలాంటి మెకానికల్ దే వేయమన్నాడు. తమ్ముడు అప్పుడే స్పానరు చేతికి తీసుకున్నాడు. నేను ఆయనను అడిగాను, ఈ కారు ఎక్కువగా ఎక్కడ నడుపుతారని. రోజూ ఆఫీసుకు, వానలో, ట్రాఫిక్కులో. అప్పుడప్పుడు ఆయన భార్య కూడా నడుపుతుందట. గుట్టలెక్కే పందేలకు వేరే బండి ఉందట.

"అయితే దీనికి ఎలక్ట్రానిక్ దే ఉండనీండి సార్. మీ దారిలో బ్రేకులు అంతగా కాగవు. మెకానికల్ ది వేస్తే స్టీరింగు చేతుల్ని లాగుతుంది, ఆమెకు ఇబ్బంది. మీరు ఆపేటప్పుడు కీచుమనింది, బ్రేకు ప్యాడ్లు అరిగిపోయినాయి, అవి మార్పించుకోండి చాలు."

తమ్ముడు నన్ను పక్కకు లాగాడు. "అక్కా, వచ్చిన గిరాకీని తరిమేస్తాండావే!"

పెద్దమనిషి ఆ మాట విన్నాడు. నవ్వి, ప్యాడ్లు మార్పించుకొని పోయాడు. పందేలకు వాడే ఆ రెండో బండిని మరుసటి ఆదివారమే పంపించాడు. దాని వెనకే ఆయన స్నేహితుల కార్లు వచ్చాయి, వాటిని చూసి మా ఊరి కార్లు మళ్లీ వచ్చాయి. షెడ్డులో చోటు చాలక రోడ్డు పక్కన నిలిపేవాళ్లం. ఎవరు కొత్తగా వచ్చినా తమ్ముడు వెంటనే బానెట్ తెరిచేవాడు కాదు. చేతులు తుడుచుకుంటూ అడిగేవాడు: "కారు యాడ తోల్తారు సార్? ముందు మా అక్కకు చెప్పండి."