చెట్టు మీది పిల్లకి సన్మానం

పిల్లల కోసం నేను రాసిన ఒక చిన్న పుస్తకానికి ఆ ఏడు అవార్డు వచ్చింది. కొబ్బరిచెట్టు ఎక్కి తీరతానని పట్టుబట్టిన ఉద్దానం ఆడపిల్ల కథ అది. పిల్ల చెట్టు సగానికి చేరేసరికి ఊరంతా కింద పోగై దిగమని అరుస్తుంది. అందరికంటే గట్టిగా అరిచేది వాళ్ల నాన్న. అవార్డు ఇచ్చినవాళ్లు దీన్ని స్త్రీవాద బాలసాహిత్యం అన్నారు. మా టెక్కలిలో ఆ మాట విన్నవాళ్లు ముందు నన్నూ, తర్వాత జాలిగా మా ఆయన్నీ చూశారు.

పలాస దగ్గర ఒక బడికి అంతకుముందే ఒక కాపీ ఇచ్చి ఉన్నాను. అవార్డు సంగతి తెలిసి వాళ్లు సన్మానం చేస్తామన్నారు. సంబరంగానే వెళ్లాను, అబద్ధమెందుకు.

వేదిక మీద ఏడు కుర్చీలు, ఆరుగురు మగవాళ్లు. చివరి కుర్చీ నాది. ఆడపిల్లలు ప్రార్థన పాడి, పూలు చల్లి, మంచినీళ్ల సీసాలు అందించి, కిందకెళ్లి నేల మీద కూర్చున్నారు. మగపిల్లలు అప్పటికే బెంచీల మీద ఉన్నారు. హెడ్మాస్టరుగారు శాలువా విప్పుతూ, "మీవారిని కూడా పైకి రమ్మనండి మేడం, దంపతులకి కప్పితేనే నిండుగా ఉంటాది" అన్నారు. నన్ను బండి మీద దింపడానికొచ్చిన మా ఆయన, నా పుస్తకం అట్ట కూడా తిప్పని మనిషి, శాలువా కప్పుకుని నాకంటే బాగా నవ్వాడు. ఫొటోలో మధ్యన ఉన్నది ఆయనే.

ముఖ్య అతిథికి నేనొక కాపీ ఇచ్చాను. దాన్ని తెరవకుండానే పైకెత్తి చూపిస్తూ ఆయన మాట్లాడాడు. "ఈ కథలో అమ్మాయి వినయం నాకెంతో నచ్చింది. తండ్రి మాట జవదాటదు. మన ఆడపిల్లలంతా ఇలాగే ఉండాలి." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

సభ అయ్యాక అందరూ భోజనాలకి లేచారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వేదికెక్కి నా ముందు నిలబడింది. ఇంటి దగ్గర వాళ్లమ్మతో జీడిపిక్కలు కొడుతుందట, జీడి అంటుకుని వేళ్లు నల్లబడి ఉన్నాయి.

"మీ పుస్తకానికి అవార్డు రాకపోతే బాగున్ను మేడం" అంది.

"అదేం?"

"సగం సదివీసినాను. అవార్డొచ్చిందని బీరువాలో ఎట్టి తాళమేసీసినారు. నా సేతులు సూసి, మరకలైపోతాయి ముట్టుకోకు అన్నారు సారు. ఆ పిల్ల పైకెక్కిందేటి, దిగిపోనాదేటి?"

నాకు సిగ్గేసింది. నా పుస్తకం అద్దాల వెనక షీల్డుల పక్కన కూర్చుంది. తాళంచెవి హెడ్మాస్టరుగారి జేబులో ఉంది, ఆయన విస్తరి ముందున్నారు. కథ నోటితో చెప్పేద్దామనుకుంటూ పక్కకి చూసి ఆగిపోయాను. ముఖ్య అతిథి బొకే, శాలువా మర్చిపోకుండా పట్టుకెళ్లి, పుస్తకం మాత్రం కుర్చీలో వదిలేశాడు. దాన్ని తీసి పిల్లకిచ్చి, మరకలు పడితే పడనీ అన్నాను.

చేతులు చున్నీకి తుడుచుకుంది. ఆగిన పేజీ వెతుక్కుని, ముఖ్య అతిథి కుర్చీలోనే కూర్చుని చదవడం మొదలెట్టింది. కాసేపటికి షామియానా విప్పే ముసలాయన వచ్చాడు.

"దిగు పాపా, కుర్చీలు తీసీయాల."

పిల్ల తలెత్తలేదు.

"ఉండు మావా, ఇంకా సెట్టు మీదే ఉంది."